నేరం ఒప్పించడం నుంచి వివరం రాబట్టడం దాకా: పోలీసు ఇంటరాగేషన్ నిజంగా మారిందా?

శ్రీవల్లి_ఎల్‌ఎల్‌ఎం:

అందరికీ నమస్కారం. పోలీసులు నిందితులనీ సాక్షులనీ ప్రశ్నించే తీరు ఎలా మారుతూ వచ్చిందన్నది నా సెమినార్ పేపరు అంశం. సెక్షన్లు పుస్తకాల్లో దొరుకుతున్నాయి, ఆచరణ గురించి రాసినవాళ్లే తక్కువ. మూడు సందేహాలున్నాయి.

పోలీసు ముందు ఇచ్చిన ఒప్పుకోలు మన దగ్గర చెల్లదు, ఇంగ్లండ్, అమెరికాల్లో చెల్లుతుంది. ఈ తేడా ఎక్కడ మొదలైంది? ఇంగ్లండ్ పోలీసులు ప్రశ్నించడానికి వాడే ‘పీస్’ (PEACE) పద్ధతి అంటారు కదా, గది తలుపు వేశాక అందులో అసలు ఏం జరుగుతుంది? ఇక మూడోది, పోలీసులు సాక్షి దగ్గర తీసుకునే, పాత సీఆర్‌పీసీ 161 సెక్షన్ స్టేట్‌మెంట్ 2024 జూలై 1 నుంచి కొత్త భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 180 కిందికి వచ్చింది. నంబరు తప్ప ఇంకేమైనా మారిందా?

థర్డ్ డిగ్రీ తప్పా ఒప్పా అనే వాదన మాత్రం వద్దండీ, అది ఎప్పుడో తేలిపోయింది.

పాతరికార్డు:

మీ మొదటి ప్రశ్నకు జవాబు మన ఊళ్లలోనే ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో శిస్తు వసూలు కోసమూ, దొంగతనాల కేసుల్లో నేరం ఒప్పించడం కోసమూ కింది ఉద్యోగులు జనాన్ని హింసిస్తున్నారని లండన్ పార్లమెంటులో గొడవైంది. దాంతో ఇలియట్, స్టోక్స్, నార్టన్ అనే ముగ్గురితో కమిషన్ వేశారు. 1855లో రిపోర్టు వచ్చింది. ఆనాటి మద్రాసు ప్రెసిడెన్సీలో మన కోస్తా జిల్లాలూ, కడప, బళ్లారి, కర్నూలు కూడా భాగమే. రిపోర్టులో పదే పదే కనిపించే సాధనం కిట్టి. రెండు చెక్కల మధ్య చేతివేళ్లో చెవులో పెట్టి, మనిషి ‘అవును’ అనేదాకా బిగించడం. రెండోదానికి సాధనం కూడా అక్కర్లేదు. మనిషిని అతని గుడ్డతోనే నడుం వంచి కట్టేసి, ఎండలో నిలబెట్టి, వీపు మీద రాయి పెట్టేవారు.

తహసీల్దారు చేతిలో శిస్తూ ఉండేది, పోలీసు అధికారమూ ఉండేది. కాబట్టి ఫిర్యాదు చేయాలన్నా ఆయన దగ్గరికే పోవాలి. రిపోర్టు తర్వాత ఆ రెండింటినీ విడదీసి 1859లో మద్రాసు పోలీసు చట్టం తెచ్చారు. 1861 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో పోలీసు ముందు ఒప్పుకోలు చెల్లదని రాశారు. అదే 1872 సాక్ష్య చట్టంలో 25, 26, 27 సెక్షన్లయింది. ఇప్పుడు ఆ మూడూ కలిసి భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షన్. నిందితుడి మాట వల్ల ఏదైనా బయటపడితే ఆ మేరకు మాట చెల్లుతుందనే పాత 27 అందులో మినహాయింపుగా కూర్చుంది.

ఇంగ్లండ్‌లో ఇలాంటి నిషేధం ఎప్పుడూ లేదు. తమ దేశంలో తమ పోలీసును నమ్మినవాళ్లే ఇక్కడి పోలీసును నమ్మలేదు. ఆ అపనమ్మకం వలసపాలన బుద్ధే అనేవాళ్లున్నారు. కావచ్చు. కానీ స్వాతంత్ర్యం వచ్చాక కూడా దాన్ని తీసేయడానికి ఎవరూ తెగించలేదంటే కారణం తెలుస్తూనే ఉంది. టాడా, పోటా లాంటి ఉగ్రవాద వ్యతిరేక ప్రత్యేక చట్టాల్లో ఎస్పీ స్థాయి అధికారి ముందు ఒప్పుకోలు చెల్లుతుందన్నారు. ఆ చట్టాలు రెండూ పోయాయి.

ఇందులో పెద్ద తీర్పులు రెండూ తెలుగువాళ్ల కేసులే. 1937 మార్చిలో పూరీ స్టేషన్‌లో రైల్లో దొరికిన ఇనప ట్రంకు పెట్టెలో ఏడు ముక్కలుగా ఒక శవం ఉంది. చనిపోయింది పిఠాపురం దివాను కొలువులో పనిచేసిన బంట్రోతు. ‘అతను మా ఇంటికొచ్చాడు, రాత్రి పడుకున్నాడు, మర్నాడు సాయంత్రం రైలెక్కి పోయాడు’ అని నిందితుడు అరెస్టుకు ముందే పోలీసుకు చెప్పాడు. ఆ మాట సాక్ష్యంగా పనికొస్తుందా? 1939లో పాకల నారాయణస్వామి కేసులో, అప్పట్లో మన కేసులకు ఆఖరి అప్పీలు కోర్టైన ప్రివీ కౌన్సిల్ కుదరదంది. 161లో ‘ఏ వ్యక్తినైనా’ ప్రశ్నించవచ్చని ఉంది, తర్వాత నిందితుడయ్యే మనిషి కూడా ఆ వ్యక్తుల్లో ఒకడే, కాబట్టి పోలీసుకు చెప్పిన మాటను సాక్ష్యంగా వాడొద్దనే 162 నిషేధం అతనికీ వర్తిస్తుందని. మాట పక్కన పెట్టినా మిగతా సాక్ష్యం సరిపోయింది, అప్పీలు కొట్టేశారు. నేరం చేశానని సూటిగా గానీ, నేరానికి కావలసిన వాస్తవాలన్నీ దాదాపుగా గానీ ఒప్పుకుంటేనే ‘కన్ఫెషన్’ అవుతుందన్న సూత్రమూ ఇక్కడిదే.

రెండోది గుంటూరు సెషన్స్ నుంచి వెళ్లిన పులుకూరి కొట్టయ్య కేసు. తీర్పు 1946 డిసెంబరులో, లా రిపోర్టుల్లో 1947. ‘నా ఇంటి కప్పులో దాచిన కత్తి తీసి ఇస్తాను’ అన్న ముక్క చెల్లుతుంది. ‘దాంతోనే ఫలానావాణ్ని పొడిచాను’ అన్న ముక్క చెల్లదు. ఎందుకంటే బయటపడింది కత్తి ఉన్న చోటూ, ఆ చోటు అతనికి తెలుసన్న సంగతీ. పొడవడమన్న గతచరిత్ర కొత్తగా బయటపడలేదు. దాదాపు 80 ఏళ్ల కింద చెప్పినది ఇది. నేటికీ రిమాండ్ రిపోర్టుకు జతచేసే కన్ఫెషన్ పంచనామాలో నాలుగు పేజీల నేరచరిత్ర ఉంటుంది, పనికొచ్చే వాక్యం ఒక్కటి ఉంటుంది.

థేమ్స్‌గట్టు:

రెండో ప్రశ్న నేను తీసుకుంటాను. ‘పీస్’ను కొంతమంది మర్యాదగా అడగడం అనుకుంటారు. మర్యాద అందులో చిన్న భాగం. అది ఎందుకొచ్చిందో తెలిస్తే ఏం చేస్తారో సులువుగా అర్థమవుతుంది.

1912 నుంచి అక్కడ జడ్జిలు రాసిన నియమాలు ఉండేవి, చట్టబలం లేదు. 1972లో లండన్‌లో ఒక హత్య కేసులో ముగ్గురు కుర్రాళ్లు ఒప్పుకున్నారు. వాళ్లలో ఒకడికి 18 ఏళ్లు, బుద్ధి మాత్రం చిన్నపిల్లవాడిది. ఒప్పుకోలులోని సమయాలూ, మనిషి చనిపోయిన సమయమూ పొసగలేదు. 1975లో శిక్షలు రద్దయ్యాయి. దానిమీద ఫిషర్ విచారణ, తర్వాత ఫిలిప్స్ రాయల్ కమిషన్, చివరికి 1984లో ‘పేస్’ (PACE) అని పిలిచే పోలీసు, క్రిమినల్ సాక్ష్య చట్టం. 1986 జనవరి నుంచి అమలు.

ఆ చట్టం గదికి బయట మార్చినవి చాలా గట్టివి. కస్టడీ ఆఫీసర్ వేరు, దర్యాప్తు చేసేవాడు వేరు. అరెస్టయిన మనిషి బాగోగులు చూసే సార్జెంటుకు ఆ కేసుతో సంబంధం ఉండకూడదు. ఛార్జి పెట్టకుండా 24 గంటలు, సూపరింటెండెంట్ అనుమతితో 36, మేజిస్ట్రేటు అనుమతితో గరిష్ఠంగా 96. ప్రతి 24 గంటల్లో 8 గంటలు ఏకబిగిన విశ్రాంతి. సుమారు రెండు గంటలకోసారి విరామం, భోజన వేళలు వేరు. నిలబెట్టి ప్రశ్నించకూడదు. 18 ఏళ్లలోపు వాళ్లకూ, మానసికంగా బలహీనులకూ పక్కన పెద్దమనిషి ఒకరు ఉండాలి. లాయరు ఉచితం. ఇంటర్వ్యూ టేపు. క్యాసెట్ల కాలంలో ఒకేసారి రెండు తిరిగేవి. ఒకటి నిందితుడి కళ్లముందే సీలు వేసేవారు, అతను దానిమీద సంతకం పెట్టేవాడు. రెండోది పనికోసం. కోర్టులో తగాదా వస్తే సీలు టేపు తెరుస్తారు.

ఇంత చేసినా 1988లో కార్డిఫ్ హత్య కేసులో ఒక నిందితుణ్ని ఐదు రోజుల్లో సుమారు 13 గంటలు ప్రశ్నించారు. నేను చేయలేదని 300 సార్లకు పైగా అన్నాడు. చివరికి లొంగిపోయాడు. టేపులు తిరుగుతూనే ఉన్నాయి, లాయరు పక్కనే ఉన్నాడు, నోరు మెదపలేదు. 1992 డిసెంబరులో అప్పీలు కోర్టు ఆ టేపుల్లో ఒకటి విని విస్తుపోయి అతనితో కలిపి ముగ్గురి శిక్షలూ కొట్టేసింది. అసలు హంతకుడు 2003లో డీఎన్‌ఏతో దొరికాడు. ‘సీసీ కెమెరా పెడితే చాలు’ అనే ప్రతి ఒక్కరూ ఈ కేసు చదవాలి. రికార్డింగు దౌర్జన్యాన్ని ఆపుతుందన్న హామీ లేదు, తర్వాత బయటపెడుతుంది, అంతే.

ఆ రోజుల్లోనే జాన్ బాల్డ్విన్ అనే పరిశోధకుడు 600 ఇంటర్వ్యూల టేపులు చూశాడు. దౌర్జన్యం కంటే అసమర్థతే ఎక్కువ కనిపించింది. ముందే నేరస్తుడని నిర్ణయించుకుని రావడం, కేసు సరిగా చదవకపోవడం, అడిగిందే అడగడం. ఆ అసమర్థతకు మందుగానే 1992-93లో ‘పీస్’ తెచ్చి, వారం రోజుల కోర్సుగా నేర్పారు.

ఇక గదిలో ఏం జరుగుతుందో చెప్తాను. సగం పని తలుపు వేయకముందే అయిపోవాలి. నేరానికి చట్టం ప్రకారం ఏ అంశాలు రుజువు కావాలో రాసుకుంటారు. ఒక్కోదానికి చేతిలో ఏముంది, ఏది లేదు, నిందితుడు నిర్దోషి అయితే ఏ వివరణ ఇవ్వగలడు అని కాగితం మీద పెడతారు. ఈ చివరి గడి నింపకుండా లోపలికి వెళ్లేవాడు ఒప్పుకోలు కోసం వెళ్తున్నట్టే లెక్క. తర్వాత పరిచయం. గదిలో ఎవరెవరున్నారో టేపుకు చెప్పడం, హక్కులు, హెచ్చరిక. 1995 నుంచి ఆ హెచ్చరిక మారింది. మీరు ఏమీ చెప్పనక్కర్లేదు, అయితే తర్వాత కోర్టులో ఆధారపడే విషయం ఇప్పుడు అడిగినప్పుడు చెప్పకపోతే మీ వాదనకు నష్టం కలగవచ్చు అని. నిందితుడు దాన్ని తన మాటల్లో తిరిగి చెప్పాలి. ‘అర్థమైందా?’ అంటే ‘ఆఁ’ అనడం లెక్కలోకి రాదు.

తర్వాత అసలు ఘట్టం. ‘శుక్రవారం మధ్యాహ్నం నుంచి రాత్రి పడుకునేదాకా జరిగిందంతా చెప్పండి’ అని వదిలేస్తారు. మధ్యలో అడ్డం పడరు. అయ్యాక దాన్ని ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కను పూర్తిగా తవ్వి, క్లుప్తంగా తిరిగి చెప్పి, తర్వాతి దానికి వెళ్తారు. సాక్ష్యం చూపించడం ఆఖర్న. ఉదాహరణకు రాత్రి 9:40కి పెట్రోలు బంకు కెమెరాలో అతని బండి పడింది అనుకోండి. ఫుటేజీ మొదటే చూపిస్తే ‘అవును, పెట్రోలుకు వచ్చా’ అంటాడు, కథ అక్కడే అతుక్కుపోతుంది. ముందు ఆ రాత్రి బండి ఎవరి దగ్గరుంది, తాళం ఎవరికిచ్చారు, ఏ దారిన వెళ్లారు, ఎక్కడ ఆగారు అని ఒక్కో దారీ మూసేయాలి. అప్పుడు ఫుటేజీ పెట్టి ‘మీరు చెప్పినదానికీ దీనికీ తేడా ఉంది, వివరించండి’ అనాలి. గొంతు పెంచక్కర్లేదు. నిర్దోషి అయితే 9:40కి బంకులో ఆగానని మొదటి దశలోనే తనంతట తనే చెప్పి ఉంటాడు. ఈ వరుస వల్ల అతనికీ లాభమే.

ముగింపులో చెప్పిందంతా క్లుప్తంగా వినిపించి, దిద్దుకునే అవకాశమిచ్చి, సమయం చెప్పి రికార్డర్ ఆపుతారు. తర్వాత మూల్యాంకనం. కొత్తగా తెలిసిందేమిటి, ఎవర్ని కలవాలి, ఇంటర్వ్యూ ఎలా చేశాం. ఎప్పుడూ ఎగ్గొట్టేది దీన్నే.

2001లో క్లార్క్, మిల్న్ అనే పరిశోధకులు దేశమంతా చేసిన మూల్యాంకనంలో నిందితుల ఇంటర్వ్యూలు కొంత మెరుగయ్యాయని తేలింది. సాక్షుల ఇంటర్వ్యూలు మాత్రం వాటికంటే చాలా అధ్వానంగా ఉన్నాయి. కారణం ఊహించడం కష్టం కాదు. నిందితుడి గదిలో టేపుంది, లాయరున్నాడు. సాక్షి దగ్గర ఎవరూ లేరు.

వెస్ట్‌గోదారి:

అమెరికా గురించి నాలుగు ముక్కలు. సినిమాల్లో చూసి మిరాండా తీర్పును ఆకాశానికెత్తుతారు. 1966 తీర్పు హక్కులు చదివి వినిపించమంది, ఆ తర్వాత గదిలో ఎలా ప్రశ్నించాలో చెప్పలేదు. 1969లో ఫ్రేజియర్ వర్సెస్ కప్ కేసులో, పోలీసు అబద్ధం చెప్పాడన్న ఒక్క కారణంతో ఒప్పుకోలు చెల్లకుండా పోదన్నారు. ‘నీ స్నేహితుడు అంతా చెప్పేశాడు’ అనే ఎత్తు అక్కడ చట్టబద్ధమే. ఇల్లినాయ్ 2021లో మైనర్ల విషయంలో మాత్రం దాన్ని ఆపింది.

అక్కడ దశాబ్దాలు ఏలింది రీడ్ పద్ధతి. ముందు ముఖకవళికలు చూసి అబద్ధమని తేల్చుకోవడం, తర్వాత నువ్వే చేశావని ఆరోపించడం, కాదనబోతే అడ్డుకోవడం, చివర్లో రెండు దారులు చూపడం: ‘పథకం వేసి చేశావా, కోపంలో అయిపోయిందా?’ రెండిట్లో ఏది ఎంచుకున్నా ఒప్పుకున్నట్టే. దీని పునాదే బోలు. అబద్ధాన్ని కళ్లతో పట్టే సామర్థ్యం మీద 2006లో బాండ్, డిపాలో కూర్చిన పరిశోధనల్లో సగటు 54 శాతం తేలింది. నాణెం ఎగరేస్తే 50. తడబాటు, చెమట, కళ్లు దించుకోవడం అన్నీ భయానికి గుర్తులు. స్టేషన్లో భయపడనివాడెవడు?

1989 న్యూయార్క్ సెంట్రల్ పార్క్ కేసులో ఐదుగురు కుర్రాళ్ల శిక్షలు 2002లో రద్దయ్యాయి. వాళ్లలో నలుగురి ఒప్పుకోళ్లు వీడియోలో ఉన్నాయి, వాటికి ముందు గంటల తరబడి సాగిన ప్రశ్నలు లేవు. రికార్డింగ్ మొదటి ప్రశ్న నుంచే ఉండాలనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

కేసుడైరీ:

మూడో ప్రశ్న. థేమ్స్‌గట్టు గారి చివరి మాట దగ్గర మొదలుపెడతాను. మన దగ్గర కేసు చెడేది ఎక్కువగా సాక్షి స్టేట్‌మెంట్ రాసేటప్పుడే. ఒప్పుకోలు ఎలాగూ కోర్టులోకి రాదు కాబట్టి నేరం నిలబడాల్సింది సాక్షుల మీదే. వాళ్ల స్టేట్‌మెంటేమో స్టేషన్లో రాతపని చూసే రైటర్ కంప్యూటర్‌లో తయారవుతుంది.

అలా తయారైనదాన్ని గుర్తుపట్టడం తేలిక. నలుగురు సాక్షులు, నలుగురివీ ఒకే వాక్యాలు, పేరూ తండ్రి పేరూ వయసూ మారతాయి. కూలిపని చేసే ముసలాయన నోట ‘సదరు ముద్దాయి దురుద్దేశపూర్వకంగా’ అన్న మాట వస్తుంది. అక్షరదోషం కూడా నాలుగింట్లో ఒకే చోట ఉంటుంది. కోర్టులో సాక్షి తన మామూలు మాటల్లో చెప్పేసరికి అది స్టేట్‌మెంట్‌తో కలవదు. నిజం చెప్పినవాడు అబద్ధికుడిలా కనిపిస్తాడు.

సాక్షిని ఎలా అడగాలన్నదాని మీద 1984 నుంచి ఫిషర్, గైసెల్‌మన్ అనే సైకాలజిస్టులు చేసిన పని ఉంది, కాగ్నిటివ్ ఇంటర్వ్యూ అంటారు. వాళ్లు 1987లో ఫ్లోరిడా డిటెక్టివ్‌ల టేపులు వింటే, సాక్షి చెప్పడం మొదలెట్టాక సగటున 7.5 సెకన్లకే అధికారి అడ్డుపడ్డాడు. మన స్టేషన్లలో టేపుల్లేవు గానీ, ఉంటే ఇంతకంటే గొప్పగా ఉంటుందని ఎవరూ పందెం కాయరు.

బజారులో గొలుసు తెంపుకుపోయారు, ఎదురుగా కిరాణా కొట్టు యజమాని చూశాడు అనుకుందాం. మామూలుగా అడిగేది ఇలా ఉంటుంది:

— పల్సర్ మీదేనా వచ్చింది?
— ఆఁ... అదేననుకుంటా సార్.
— ఇద్దరా?
— ఇద్దరే.
— వెనకవాడు ఎర్ర చొక్కా కదా?
— ఎర్రదే సార్.

ఇందులో సాక్షి చెప్పింది ‘అనుకుంటా’ ఒక్కటే. పల్సర్, ఎర్ర చొక్కా రెండూ ఫిర్యాదులోంచి అధికారి మోసుకొచ్చినవి. రేపు బండి అపాచీ అని తేలితే ఈ సాక్షి పోయినట్టే.

ఇలా అడిగి చూడండి: ‘కొట్టు దగ్గర ఎక్కడ కూర్చున్నారో అక్కడే కూర్చోండి. అప్పుడు ఏం చేస్తున్నారు, బేరం ఎవరికి చేస్తున్నారు, రోడ్డు మీద ఏ చప్పుళ్లు వినిపిస్తున్నాయి, ఒకసారి గుర్తుచేసుకోండి. తొందరేం లేదు. తర్వాత మొదటినుంచి చెప్పండి, పనికిరాదనిపించింది కూడా చెప్పండి. గుర్తులేకపోతే లేదనండి, ఊహించొద్దు.’ అని చెప్పి పెన్ను కింద పెట్టాలి. ఆయన ఆగినప్పుడు మీరూ ఆగాలి. ఐదారు సెకన్ల మౌనం తర్వాతే ‘బండి సైలెన్సర్ చప్పుడు మాత్రం పగిలినట్టుంది సార్’ లాంటి మాట వస్తుంది. ఫిర్యాదులో లేని ఆ ఒక్క మాట మెకానిక్ షెడ్డుకు దారి చూపిస్తుంది. రెండోసారి కావాలంటే చివర్నుంచి వెనక్కి చెప్పమంటారు. బండి మలుపు తిరగడం, దానికి ముందు, దానికీ ముందు. ‘ఎవరు, ఎక్కడ, ఏ చేత్తో’ లాంటి ప్రశ్నలు ఆ తర్వాతే. అవునా కాదా ప్రశ్నలు ఆఖర్న.

దీని లోపమూ చెప్పాలి. ఐదు నిమిషాల్లో అయ్యేది ముప్పావు గంట పడుతుంది. ఒక ఎస్సై చేతిలో రోజుకు పది పిటిషన్లుండే స్టేషన్లో ప్రతి సాక్షికీ ఇది కుదరదు. అందుకే కళ్లతో చూసిన ముఖ్యసాక్షులకు పూర్తిగా, మిగతావాళ్లకు ‘మొదట చెప్పనివ్వడం, ఫిర్యాదులోని మాట ముందు అందించకపోవడం’ అన్న రెండు నియమాలు చాలు. సంఘటనాస్థలంలోనే సాక్షులను విడదీసి కూర్చోబెట్టడానికైతే సమయం కూడా అక్కర్లేదు. చెట్టుకింద అరగంట కలిసి కూర్చుంటే నలుగురి జ్ఞాపకమూ ఒకటైపోతుంది.

చట్టంలో మారినవి: బీఎన్‌ఎస్‌ఎస్ 179 ప్రకారం 15 ఏళ్లలోపు, 60 దాటిన మగవాళ్లనీ, మహిళలనీ, వికలాంగులనీ, తీవ్ర అనారోగ్యం ఉన్నవాళ్లనీ స్టేషన్‌కు రమ్మనకూడదు. వాళ్ల ఇంటికే వెళ్లాలి. తామే ఇష్టపడి వస్తే రావచ్చు. పాత చట్టంలో ఆ 60 బదులు 65 ఉండేది. 180 కింద ఆడియో వీడియో రికార్డు చేయొచ్చు, తప్పనిసరి కాదు, పాత 161లోనూ అంతే. పదేళ్లు గానీ అంతకు మించి గానీ శిక్ష పడే నేరాల్లో పోలీసు తీసుకొస్తే సాక్షి వాంగ్మూలం మేజిస్ట్రేటు 183 కింద నమోదు చేసి తీరాలి. ఇది పెద్ద మార్పు, సాక్షి ఎదురు తిరిగినప్పుడు తెలుస్తుంది దీని విలువ.

పిల్లల విషయంలో, వాళ్లమీద లైంగిక నేరాలకు తెచ్చిన పోక్సో చట్టం ఎప్పుడో, 2012లోనే, ముందుకెళ్లింది. 24వ సెక్షన్ కింద వాంగ్మూలం తీసుకోవాల్సింది పిల్ల ఇంట్లోనో, తను కోరిన చోటో, వీలైనంతవరకు మహిళా ఎస్సై, యూనిఫాం లేకుండా. రాత్రిపూట స్టేషన్లో ఉంచకూడదు. ఇక్కడ తరచూ జరిగే తప్పు, అమ్మ చెప్పినది పిల్ల చెప్పినట్టు రాయడం. పక్కన తల్లిదండ్రులో, పిల్ల నమ్మే మరొకరో ఉండాలని 26 చెప్తుంది, వాళ్లు జవాబు చెప్పాలని చెప్పలేదు.

శ్రీవల్లి_ఎల్‌ఎల్‌ఎం:

అందరికీ చాలా థాంక్స్. కేసుడైరీ గారూ, ఒక్క సందేహం. 180 స్టేట్‌మెంట్ మీద సాక్షి సంతకం ఉండకూడదంటారు కదా. వీడియో తీస్తే అది సంతకం కంటే బలమైనది. అప్పుడు దాన్ని నేరుగా సాక్ష్యంగా వాడొచ్చా? అలాగే లాయరు ఇంటరాగేషన్‌లో ఎంతవరకు ఉండొచ్చు?

డిఫెన్స్‌బెంచి:

వాడకూడదు. బీఎన్‌ఎస్‌ఎస్ 181 (పాత 162) నిషేధం కాగితానికే పరిమితం కాదు. స్టేట్‌మెంట్‌కూ, డైరీలో గానీ మరోచోట గానీ ఉన్న దాని రికార్డుకూ వర్తిస్తుంది. వీడియో ఆ ‘మరోచోట’ కిందికే వస్తుంది. వాడగలిగేది ఒక్కందుకే, ప్రాసిక్యూషన్ సాక్షి కోర్టులో వేరుగా చెబితే ఆ తేడా ఎత్తిచూపడానికి. ముద్దాయి తరఫున ఎవరైనా వాడొచ్చు, ప్రాసిక్యూషన్ అయితే కోర్టు అనుమతితో.

ఆ ఎత్తిచూపడంలోనే జూనియర్లు తడబడతారు. సాక్షి కోర్టులో ‘ముద్దాయి కర్రతో కొట్టాడు’ అన్నాడు, స్టేట్‌మెంట్‌లో ‘చేత్తో కొట్టాడు’ అని ఉంది. సాక్ష్య అధినియమం 148 ప్రకారం ఆ వాక్యాన్నే సాక్షికి చదివి వినిపించాలి. ‘మీరు పోలీసుకు ఇలా చెప్పారా?’ అని అడగాలి. కాదంటే ఆ ముక్కను గుర్తించి, తర్వాత దర్యాప్తు అధికారి (ఐఓ) బోనెక్కినప్పుడు ‘ఈ సాక్షి ఇలా చెప్పాడా?’ అని అడిగి ఆయనతో అవుననిపించాలి. అప్పుడే అది డిఫెన్స్ తరఫు పత్రంగా, ఎగ్జిబిట్ డి అవుతుంది. ఐఓను అడగడం మరిచిపోతే చేసిందంతా వృథా. స్టేట్‌మెంట్‌లో అసలు లేని విషయం కోర్టులో చెబితే? 1959 తహసీల్దార్ సింగ్ కేసు చూడండి. ప్రతి వదిలివేతా వైరుధ్యం కాదు, చెప్పినదానితో పొసగనంత ముఖ్యమైనదైతేనే.

వీడియో తీసినచోట దీని స్వరూపమే మారుతుంది. ఐఓ ‘సాక్షి అలాగే చెప్పాడు’ అన్న ఒక్క మాటమీద ఆధారపడనక్కర్లేదు. అందుకే డిఫెన్సు వాళ్లు వీడియోకు భయపడటం నాకు అర్థం కాదు. అధికారి జవాబు అందించాడా లేదా అన్నది కనిపించేది అందులోనే. అయితే సాక్ష్య అధినియమం 63(4) కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే సర్టిఫికెట్, హాష్ విలువతో (ఫైలుకు డిజిటల్ వేలిముద్ర లాంటిది) సహా, ఉందో లేదో చూడండి. ఫోన్లో తీసి వాట్సాప్‌లో రైటర్‌కు పంపి, అక్కణ్నుంచి పెన్‌డ్రైవ్‌లో వేసిన ఫైలు అసలుది కాదు. మామూలుగా దాని హాష్ కలవదు.

లాయరు విషయం బీఎన్‌ఎస్‌ఎస్ 38లో ఉంది. ఇంటరాగేషన్ సమయంలో లాయరును కలవొచ్చు, మొత్తం సేపూ కాదు. ఆచరణలో కనిపించేంత దూరంలో, వినిపించనంత దూరంలో కూర్చోబెట్టమని కోర్టులు ఉత్తర్వులిస్తుంటాయి. తనమీదికి నేరం తెచ్చే ప్రశ్నకు జవాబు చెప్పనక్కర్లేదన్నది 180(2)లోనే ఉంది, ఆ రక్షణ స్టేషన్ దశలోనే మొదలవుతుందని 1978లో నందినీ శత్పథి తీర్పు చెప్పింది. 2010 సెల్వి తీర్పుతో అనుమతి లేకుండా నార్కో, లై డిటెక్టర్, బ్రెయిన్ మ్యాపింగ్ మూడూ పోయాయి.

27 గురించి పాతరికార్డు గారి మాటకు ఒక చేర్పు. ఆ సెక్షన్ కింద రికవరీ పడిపోయేది మధ్యవర్తుల (పోలీసులు పిలిచే పంచ సాక్షుల) రిపోర్టు దగ్గరే. 2022లో సుబ్రమణ్య కేసులో సుప్రీంకోర్టు, ముద్దాయి అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు మధ్యవర్తుల ముందు రాయాలంది. మనవాళ్ల రిపోర్టులో ‘ముద్దాయి నేరము ఒప్పుకొని వస్తువు చూపెదనని చెప్పగా’ అని ఉంటుంది. ఏ వస్తువు, ఎక్కడ, ఎవరు దాచారు, ఏ మాటల్లో చెప్పాడు? లేదు. క్రాస్‌లో మధ్యవర్తిని అడగాల్సినవి: స్టేషన్‌కు ఎప్పుడు వచ్చారు, మీరొచ్చేసరికే ముద్దాయి చెప్పేశాడా, అక్కడికి వెళ్లేటప్పుడు ముందు నడిచిందెవరు, వస్తువు ఉన్న చోటికి అందరూ పోగలరా, సీలు ఎక్కడ వేశారు, ఆ సీలు తర్వాత ఎవరి దగ్గరుంది. ఎప్పుడూ ఆ స్టేషన్ కేసుల్లోనే కనిపించే మధ్యవర్తి అయితే పాత కేసుల నంబర్లు పట్టుకెళ్లండి.

కేసుడైరీ:

ఒకటి కలుపుతాను. ఫోన్లో ముద్దాయి ఫొటో చూపించి ‘వీడేనా?’ అని సాక్షిని అడగడం ఇప్పుడు బాగా పెరిగింది. ఆ క్షణంతో, పలువురి మధ్య ముద్దాయిని సాక్షి గుర్తుపట్టాల్సిన ఐడెంటిఫికేషన్ పరేడ్ చచ్చినట్టే. సాక్షి పరేడ్‌లో గుర్తుపట్టేది నేరం చేసినవాణ్నా, ఫోన్లో చూసినవాణ్నా అన్నది ఎవరూ చెప్పలేరు. ముందు ఆనవాళ్లు ఆయన మాటల్లో రాయించి, ముసుగు వేసి రిమాండుకు పంపి, మేజిస్ట్రేటు ముందు పరేడ్ పెట్టించాలి. పేపర్లకు ఫొటోలిచ్చే ప్రెస్‌మీట్ దానికి ముందు పెట్టకూడదు.

డిఫెన్స్‌బెంచి:

నిజం. ఇంకొకటి, సీసీటీవీ. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు, స్టేషన్ గేటు నుంచి లాకప్, వరండా, ఇన్‌స్పెక్టర్ గది దాకా ఆడియోతో సహా కెమెరాలుండాలనీ, ఫుటేజీ 18 నెలలు నిలవ ఉంచాలనీ, అంత సామర్థ్యం దొరక్కపోతే ఏడాదికి తగ్గకూడదనీ చెప్పింది. చాలాచోట్ల హార్డ్‌డిస్క్ అంతకాలం పట్టదు, పాతదాని మీద కొత్తది రాసుకుంటూ పోతుంది. ట్రయల్ దాకా ఆగి అడిగితే ‘సాంకేతిక కారణాల వల్ల లభ్యం కాదు’ అన్న మెమో వస్తుంది. కాబట్టి రిమాండ్‌కు తెచ్చిన రోజే, అరెస్టు చూపిన సమయానికి ముందు 48 గంటల ఫుటేజీ కూడా కలిపి, ఏ కెమెరాలు కావాలో గదుల పేర్లతో రాసి, భద్రపరచమని మేజిస్ట్రేటు ముందు పిటిషన్ వేయండి.